అయ్యగారు గడియారం కొన్న వైనం

అయ్యగారు పోయిన పన్నెండో రోజున, హైదరాబాద్ కార్వాన్‌లోని వాళ్ళ ఇంటి ముందు షామియానా కింద కూర్చుని అందరూ ఆయన గురించి చెప్పుకుంటున్నారు. ఒకాయన కంఠం గురించి చెప్పాడు. ఇంకొకాయన, నమకం చమకం పుస్తకం ముట్టకుండా చదివేవారని చెప్పాడు. అన్నీ నిజాలే. కానీ ఆ మాటల్లో నాకు తెలిసిన మనిషి ఎక్కడా కనిపించలేదు. నాకు తెలిసిన మనిషి పత్తర్‌గట్టిలో ఒక గడియారాల దుకాణంలో స్టూలు మీద కూర్చుని, ఎడమ చేతికి స్విస్ గడియారం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చేతిలో లేని గంటను వాయిస్తూ హారతి మంత్రం చదువుతున్నారు. దుకాణంలో గడియారం కొనడానికి వచ్చిన ఒక బురఖా ఆవిడ, ఆమె భర్త, నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను సిగ్గుతో తల వంచుకుని నిలబడ్డాను.

నేను కరెంటాఫీసులో గుమాస్తాను. మా ఇల్లు ఆయన పూజ చేసే శివాలయానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నాకు గడియారాల పిచ్చి. కొనే తాహతు లేదు కాబట్టి వాటి గురించి చదువుతాను, వీడియోలు చూస్తాను, కొనేవాళ్ళకు అడగకపోయినా సలహాలు చెబుతాను. ముహూర్తాల మీద నాకు నమ్మకం లేదు. గడియారాల మీద చాలా ఉంది. అయ్యగారికి రెండిటి మీదా ఉంది. మా ఇద్దరికీ దోస్తీ కుదిరింది అందుకేనేమో.

ఆయనకు కాలం దగ్గర ఉజ్జాయింపులు నచ్చేవి కావు. ‘ఐదు కావస్తోంది’ అని ఎవరైనా అంటే, ‘అయిందా, కాలేదా?’ అని నిలదీసేవారు. ఆయన నోట ‘ఐదుకు మూడు తక్కువ’ అనే వచ్చేది. ‘రెండు నిమిషాల్ల వస్త అయ్యగారూ’ అని చొక్కా వేసుకోవడానికి లోపలికి పోతే, నేను బయటికి వచ్చేసరికి మా గుమ్మం ముందు నిలబడి ఉండేవారు.

"నాలుగైనయ్ నాయనా. రెండన్నవు గద."

"మాట వరుసకు అన్న అయ్యగారూ."

"మాటకు వరుస ఉంటది గని, నిమిషానికి ఉండదు."

చిన్నప్పుడు ఇలాంటి మనిషి మాకు లెక్కల సారుగా రాలేదు కాబట్టి బతికిపోయాం అనుకునేవాణ్ణి. ఆయన భుజాన ఒక గుడ్డ సంచి ఎప్పుడూ ఉండేది. అందులో పంచాంగం, దర్భలు, ఒక స్టీలు గ్లాసు. ఇరానీ చాయ్ అంటే ఆయనకు ప్రాణం. కానీ హోటల్ కప్పులో తాగరు. సంచిలోంచి తన గ్లాసు తీసి బల్ల మీద పెడితే, హోటలాయన నవ్వుకుంటూ కప్పులోది అందులో ఒంపేవాడు. మడి వేరు, చాయ్ వేరు అని ఆయన సిద్ధాంతం.

ఈ గడియారం కథ మొదలైంది కూడా ఆ చాయ్ దగ్గరే. ఆ రోజు సాయంత్రం గుడికి గుడిమల్కాపూర్ నుంచి ఒక పూల వ్యాపారి, ఆయన భార్య వచ్చారు. నేను మా ఇంటి అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. వాళ్ళ కూతురికి సంబంధం కుదిరిందట. ‘మా పెండ్లి మీరే చేసిండ్రు, బిడ్డది గూడ మీ చేతుల మీదనే కావాలె’ అని పండ్లు ఇచ్చి వెళ్ళారు. అయ్యగారు సరే అనలేదు, కాదు అనలేదు. వాళ్ళు అటు వెళ్ళగానే గుడి తలుపు వేసి నా దగ్గరికి వచ్చారు. హోటల్‌కు పోదాం పద అన్నారు. గ్లాసులో చాయ్ పోయించుకున్నారు గానీ తాగలేదు.

"బ్యాటరీ లేకుండ నడిచే గడియారాలు ఉంటయంటివి గద. చెయ్యి కదిలితే నడిచేటివి."

"ఆటోమేటిక్. ఉంటయ్. స్విట్జర్లాండ్ వాళ్ళు మస్తు చేస్తరు. ఎందుకు?"

"నాకు కావాలె."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గ్లాసు పక్కకు జరిపి, ఇరవై నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పారు.

ఆ పూలవాళ్ళ పెళ్ళినాడు ఆయన చేతికి బ్యాటరీ గడియారం ఉంది. పెళ్ళిలో అసలు ముహూర్తమంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. వధూవరుల మధ్య తెర పట్టుకుంటారు. ఇద్దరి చేతుల్లో తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద ఉంటుంది. అయ్యగారు ‘పెట్టండి’ అనగానే ఒకరి తల మీద ఒకరు పెడతారు. తర్వాత కట్టే పుస్తెల కన్నా ఆ క్షణమే గట్టిది. ఆయన మంత్రాలు చదువుతూ గడియారం చూసుకున్నారు. రెండు నిమిషాలుంది. ఇంకో శ్లోకం చదివి చూసుకున్నారు. రెండు నిమిషాలుంది. ఇంకా చదివారు. ఇంకా రెండు నిమిషాలే ఉంది. నిమిషాల ముల్లు కన్నా ముందు సెకండ్ల ముల్లు చూడాలని ఆయనకు తట్టేసరికి పావుగంట దాటిపోయింది. గడియారం చచ్చి ఉంది. లగ్నం వెళ్ళిపోయింది. మండపం నిండా జనం. ఆయన నోరు విప్పలేదు. ‘పెట్టుండ్రి’ అన్నారు. మేళం మోగింది.

"ఎవలకు తెల్వదా?" అన్నాను.

"ఎవలకూ తెల్వదు. ఏడాది తిరగకముందే వాళ్ళకు కొడుకు పుట్టిండు. తొమ్మిదో నాడు పోయిండు."

 ఆయన నా వైపు చూడకుండా చెప్పుకుపోయారు.

"శాస్త్రం అబద్ధమైతే, నేను యాభై ఏండ్లుగా చేసిందంత అబద్ధమే. శాస్త్రం నిజమైతే, ఆ పసివాడు నా మీద ఉన్నడు. రెండిట్ల ఏది నిజం కావాల్నని కోరుకోవాలె, చెప్పు? ఇగ ఈ బిడ్డ పెండ్లికైతే ఒక్క సెకను అటిటు కావద్దు. ఆగే గడియారంతోని కావద్దు. ఇంకోటి. వాళ్ళకు నిజం చెప్తా."

అక్కడే నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. "పెండ్లి పెట్టుకున్న ఇంటికి పోయి గీ మాట చెప్తరా? వాళ్ళు సల్లగ ఉన్నరు. పూల దుకాణం మంచిగ నడుస్తున్నది. ఎందుకు లొల్లి?"

"సల్లగ ఉన్నరు గాబట్టే చెప్తున్న. కష్టంల ఉంటే చెప్పే మొఖం ఉండెనా నాకు?"

ఫోన్ చూసి పెళ్ళి చేయించండి, అందులో ఉన్నంత కచ్చితమైన టైం ఏ గడియారంలోనూ ఉండదు అని కూడా చెప్పి చూశాను. అది నిజం కూడా. ఖరీదైన స్విస్ ఆటోమేటిక్ గడియారం రోజుకు కొన్ని సెకన్లు తప్పుతుంది. ఫోన్ తప్పదు. ఆయన ఒప్పుకున్నారు. "ఫోన్‌ను నేను నమ్ముత. అది చేతిల పట్టుకుని మంత్రం చదివితే నన్నెవలు నమ్ముతరు?" అన్నారు.  ఆ శనివారమే పత్తర్‌గట్టికి బయల్దేరాం.

ఆ దుకాణం పెద్దాయన మూడో తరం గడియారాల వ్యాపారి. తెల్లగడ్డం, మెడలో భూతద్దం. అయ్యగారు లోపలికి అడుగు పెట్టగానే, "ఆవో పంతులు సాబ్, బైఠో" అన్నారు. అయ్యగారి ఉర్దూ నా ఉర్దూ కన్నా మెరుగు. చిన్నప్పటి నుంచీ ఆ గల్లీల్లో తిరిగిన మనిషి. తనకు ఎలాంటి గడియారం కావాలో చెబితే, పెద్దాయన చాలాసేపు ఆలోచించి గాజు బల్ల మీద రెండు పెట్టారు. రెండూ స్విట్జర్లాండువే, రెండూ ఆటోమేటిక్కే. ఒకదాని ముఖం తెల్లగా ఉంది, ఇంకోదాని ముఖం నల్లగా. వాటి కంపెనీ పేర్లు పలకడానికి అయ్యగారు ఒకసారి ప్రయత్నించి వదిలేశారు. ఆ రోజు నుంచీ అవి తెల్లది, నల్లది.

నల్లదే మంచిదని నేను చూడగానే తేల్చేశాను. లావు ముళ్ళు, చీకట్లో మెరుస్తాయి. స్టీలు పట్టీ. ఎంత లోతు నీళ్ళలో మునిగినా ఏమీ కాదు. తెల్లది అందంగానే ఉంది గానీ, వెండి రంగు ముళ్ళు తెల్ల ముఖం మీద కలిసిపోతాయి. హోమం పొగలో ఏం కనబడుతుంది? పైగా దాని పట్టీ గురించి కరపత్రంలో గొప్పగా రాశారు. నేను తెలివి తక్కువగా దాన్ని పైకి చదివి, తెలుగు కూడా చేసి పెట్టాను. "ఇది ఇటలీ దేశపు మేలురకం దూడ తోలు అయ్యగారూ."

అయ్యగారి చెయ్యి గాజు మీద నుంచి చటుక్కున వెనక్కి పోయింది. దుకాణం పెద్దాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ పట్టీ విప్పి డ్రాయర్‌లో పడేసి, గడియారాన్ని మెత్తటి గుడ్డతో నాలుగుసార్లు తుడిచి, స్టీలు పట్టీ వేసి మళ్ళీ బల్ల మీద పెట్టారు. "అబ్ దేఖో పంతులు సాబ్. అబ్ సాఫ్ హై."

ఇక పరీక్షలు మొదలయ్యాయి. అలా ఆరు శనివారాలు గడిచాయి. గంట వాయించి చూడటం మొదటి శనివారం సంగతే. పూజలో గంట ఎడమ చేతిలో ఉంటుంది, హారతి కుడి చేతిలో. గడియారం ఎడమ చేతికే. గంట ఊపుకు లోపలి చక్రం తిరుగుతుందా, దెబ్బ తింటుందా అని ఆయన అనుమానం. తిరుగుతుంది, దెబ్బతినదు అని పెద్దాయన ఎంత చెప్పినా వినలేదు. పూర్తి హారతి తెల్లదానితో ఒకసారి, నల్లదానితో ఒకసారి చేశారు. రెండోసారి మంత్రం ముగిసేసరికి ఆ బురఖా ఆవిడ భర్త కూడా పక్కకు వచ్చి, "మౌలానా, కౌన్సీ అచ్ఛీ హై?" అని, రెండిట్లో ఏది మంచిదని అయ్యగారినే అడిగాడు. ఆయన కూడా తన చేయి ఊపి చూసుకున్నాడు.

రెండో శనివారం రెండు చేతులకూ రెండు గడియారాలు పెట్టుకుని, ఆగుతాయేమో చూడటానికి గంటసేపు కదలకుండా కూర్చున్నారు. మూడో శనివారం కుంకుమ, పసుపు, నెయ్యి అంటిన వేళ్ళతో మీట లాగి ముళ్ళు తిప్పవచ్చో లేదో చూస్తానని చిన్న డబ్బీలో నెయ్యి తెచ్చారు. నల్లదాని మీట పెద్దది, జారలేదు. తెల్లదాని మీట జారింది. ఒక శనివారం పెద్దాయన చంద్రుడి కళలు చూపించే ఇంకో గడియారం ముందు పెట్టారు. అయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "చంద్రుడు మంచిగున్నడు. తిథి ఏది?" అని తిరిగిచ్చేశారు.

చేయి కదలకుండా పెట్టేస్తే తెల్లది ఎనభై గంటలు నడుస్తుంది, నల్లది నలభై. ఆ ఒక్కటి మినహా అన్నిటా నల్లదే ముందుంది. నేను విజయగర్వంతో ఉన్నాను. ఐదో శనివారం పెద్దాయన రెండిటినీ లోపల యంత్రం మీద పెట్టి, ఏది రోజుకు ఎంత తప్పుతుందో చూసి చెప్పారు. తెల్లది నాలుగు సెకన్లు ముందుకు పోతోంది. నల్లది మూడు సెకన్లు వెనకబడుతోంది.

"మూడే. నల్లదే ఇంకా మంచిది," అన్నాను.

అయ్యగారు ఆ వారమంతా నాతో గడియారం మాటెత్తలేదు. ఆరో శనివారం దుకాణంలో కూర్చుని, తన స్టీలు గ్లాసులో పెద్దాయన తెప్పించిన చాయ్ తాగి, చెప్పారు.

"ముందువొయ్యే గడియారం తప్పు చెప్పినా, జర ఆగితే దిద్దుకోవచ్చు. లగ్నం ఇంక రాలే గద. వెనకవడే గడియారం తప్పు చెప్తే ఏం చేస్తవు? లగ్నం పోయే ఉంటది. నాకు ముందు ఉండేదే కావాలె. తెల్లది."

"నల్లదాన్ని గూడ ముందుకు వొయ్యేటట్టు దిద్దొచ్చు అయ్యగారూ," అన్నాను, ఉక్రోషంతో. "లోపల చిన్న స్క్రూ ఉంటది."

"దిద్దితే దిద్దినట్టే ఉంటదా జన్మంత? ఉండదు. పుట్టుకల ఉన్నది మళ్ళ వస్తది."

పెద్దాయన నాకేసి కాదు, ఆయనకేసి తల ఊపారు. "సహీ బోలే. హమారా భీ యహీచ్ హై పంతులు సాబ్. నమాజ్ కూ పహలే ఆనా అచ్ఛా, బాద్ మే నై." నమాజుకైనా ముందు రావడమే మేలట, ఆలస్యంగా రావడం కాదట. ఇద్దరు ముసలివాళ్ళు ఒక్కటైపోయాక నేనేం చెయ్యగలను? తెల్లదాన్నే కొన్నారు. పొగలో కనబడదేమోనన్న నా బాధను పెద్దాయన తీర్చారు. సెకండ్ల ముల్లు ఎర్రగా ఉందని, పొగలో అది చాలునని చూపించారు. ఆ ఎర్ర ముల్లును ఆరు వారాల్లో నేను గమనించనే లేదు. నా గడియారాల పిచ్చి అంత లోతుది.

ఎన్నేళ్ళ సంభావనలు దాచిపెట్టి ఆ గడియారం కొన్నారో నేను అడగలేదు. ఆయన దాన్ని డబ్బాలో పెట్టి సంచిలో వేసుకున్నారు. చేతికి పెట్టుకోలేదు. ‘పెట్టుకోండి’ అంటే, ‘ముందు గుడిమల్కాపూర్ పోవాలె’ అన్నారు.

నేను వెళ్ళనన్నాను. చివరికి నేనే బండి తీశాను. ఆ వయసులో ఒంటరిగా పంపలేకపోయాను, అంతే. ఆ పూలవాళ్ళ ఇల్లు మార్కెట్ వెనక గల్లీలో ఉంది. వాకిట్లో బంతిపూల గుట్ట. ఆమె కింద కూర్చుని చెడిపోయిన పూలు ఏరుతోంది. భర్త కుర్చీలు వేశాడు. ‘లగ్నపత్రిక రాయనీకి వచ్చిండ్రా అయ్యగారూ?’ అన్నాడు సంబరంగా. నేను బండి తాళంచెవి పట్టుకుని నిలబడే ఉన్నాను.

అయ్యగారు కూర్చోలేదు. చేతులు కట్టుకుని, నాకు చెప్పిందంతా వాళ్ళకు చెప్పారు. మెత్తపరచలేదు, తిప్పి చెప్పలేదు. గడియారం ఆగిందని, పావుగంట దాటిందని, తెలిసి కూడా జనానికి భయపడి నోరు మూసుకున్నానని చెప్పారు. తొమ్మిదో నాటి పసివాడి మాట కూడా ఎత్తారు. ఆ ఒక్క మాట ఎత్తకుండా ఉంటే బాగుండునని నేను లోపల్లోపల గింజుకున్నాను.

పూల వ్యాపారి ముఖం నల్లబడిపోయింది. "ఏటేట మా దుకాణం పూజకు వచ్చిండ్రు. మా కాళ్ళ మొక్కులు తీసుకున్నరు. ఒక్కనాడన్న నోరు తెరిచిండ్రా? నా కొడుకు పోయిననాడు వచ్చి పక్కన నిలవడ్డరు గద! అప్పుడన్న చెప్పలే!"

"చెప్పలే," అన్నారు అయ్యగారు.

"పొండ్రి. నడువుండ్రి మా వాకిట్లకెల్లి."

నేను ఆయన భుజం పట్టుకున్నాను. ఆయన కదల్లేదు. అంత బక్కమనిషికి ఆ బలం ఎక్కడిదో తెలియదు. "కొట్టినా పోను. ఇంకో మాట ఉన్నది, అది చెప్పి పోత. బిడ్డ పెండ్లికి వేరే అయ్యగారిని పిలుచుకోండ్రి. మంచిగ చేసెటాయన్ని నేనే చూపిస్త. కానీ ఎవలు చేసినా ఈ గడియారంతోనే చెయ్యాలె." సంచిలోంచి డబ్బా తీసి కుర్చీ మీద పెట్టారు. "దీన్ని ఆరు వారాలు చూసి తెచ్చిన. ఆగది. ఇది నాకు కాదు, బిడ్డకు."

అప్పుడు నాకు అర్థమైంది, ఆయన దాన్ని చేతికి ఎందుకు పెట్టుకోలేదో.  నల్లది బాగుంది, తెల్లది బాగుంది అని ఆరు వారాలు వాదించిన నేను ఒక్క క్షణం కూడా అది ఆయనది కాకపోవచ్చని అనుకోలేదు.

ఆమె పూలు ఏరడం ఆపి లేచింది. 

"నాకు ఎరుకే అయ్యగారూ," అంది.

భర్త ఆమె వైపు తిరిగాడు.

"తల ఎత్తద్దని చెప్పిండ్రు ఆనాడు. తెర ఎనక తల వంచుకుని కూసున్న. నా కండ్ల ముంగట మీ చెయ్యే ఉండె. ఆ చేతికి గడియారం. దాని సన్న ముల్లు కదుల్తలేదు. చానసేపు చూసిన. నా చేతిల జీలకర్ర బెల్లం ముద్ద ఎండిపోయి ఆకుకు అతుక్కపోయింది. రెండు నిమిషాలకు ఎండుతదా? నాకు అప్పుడే ఎరుక."

"మరి ఎందుకు చెప్పలే?" అన్నాడు భర్త. గొంతు పూర్తిగా దిగిపోయింది.

"ఎట్ల చెప్తా? పెండ్లిపిల్ల నోరు తెరిచి, గడియారం ఆగింది అంటే మీ అమ్మోళ్ళు ఏమందురు? అపశకునం నోరు అందురు. పెండ్లే ఆగిపోతుండె. మూసుకున్న." ఆమె అయ్యగారి వైపు తిరిగింది. "బాబు జ్వరానికి పోయిండు. దవాఖానకు ఆలస్యంగ తీసుకపోయినం. అది మా ఇద్దరి తప్పు. దానికి మేం ఏడ్వాలె. మీరెందుకు మోస్తున్నరు గిన్నేండ్లు?"

అయ్యగారు అప్పటికి కూర్చున్నారు. కూర్చోలేదు, కూలబడ్డారు. ఆమె లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. ఆయన సంచిలోంచి గ్లాసు తియ్యడం మరిచిపోయి, ఆమె ఇచ్చిన చెంబుతోనే తాగారు. ఆయన ఇంకొకరి ఇంటి చెంబుతో తాగడం నేను అదొక్కసారే చూశాను.

 భర్త కుర్చీ మీది డబ్బా తీసి అయ్యగారి ఒళ్ళో పెట్టాడు. "మీరే చెయ్యాలె. నాకింకా కోపం పోలే. అయినా మీరే చెయ్యాలె," అన్నాడు. ఆ మాటకు అయ్యగారు తల ఊపారు. అంతకన్నా మంచి మాట ఆయన ఆశించి ఉండరు.

పెళ్ళి గుడిమల్కాపూర్‌లోనే ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. లగ్నం పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాలకు. ఆ ఉదయం ఆరింటికే మా ఇంటి తలుపు తట్టారు. నా ఫోన్ చూసి తెల్ల గడియారం ముళ్ళు సరిచేయించుకున్నారు. మధ్యాహ్నంలోపు ఎన్ని సెకన్లు ముందుకు పోతుందో లెక్క చెప్పమన్నారు. ఒక్క సెకను కూడా నిండదు అని చెప్పాను. ‘నిండదు అంటే ఎంత?’ అన్నారు. ఆ మనిషితో ఇరవై ఏళ్ళు వేగాను.

మండపంలో ఆయన ఎప్పటిలాగే ఉన్నారు. పిల్ల తరఫువాళ్ళను కసురుకున్నారు, ఫోటోగ్రాఫర్‌ను పక్కకు జరిపారు, ఫోన్‌లో మాట్లాడుతున్న పెళ్ళికొడుకు బావమరిదిని ఒక్క చూపుతో కూర్చోబెట్టారు. తెర పట్టారు. వధువు తల వంచుకుని కూర్చుంది, చేతిలో జీలకర్ర బెల్లం ముద్దతో. పదకొండు పద్నాలుగైంది. నేను మండపం కింద రెండో వరుసలో ఉన్నాను.

అప్పుడు ఆయన మంత్రం ఆపి, ఎడమ చేతి గడియారం విప్పారు. పెళ్ళికూతురి తల్లిని పిలిచారు.

"ఇట్ల రా అమ్మా."

ఆమె వచ్చింది. ఆయన గడియారాన్ని ఒక తమలపాకులో పెట్టి ఆమె చేతికి ఇచ్చారు.

"పెద్ద ముల్లు మూడు దాటినంక మూడో చిన్న గీత మీదికి రావాలె. ఎర్ర ముల్లు పన్నెండు మీదికి రావాలె. రెండూ వచ్చినప్పుడు నువ్వే చెప్పాలె. నేను చూడను. నేను కండ్లు మూసుకుని మంత్రం చదువుత."

"నేనెట్ల చెప్తా అయ్యగారూ? గింతమంది ముంగట..."

"ఆనాడు చూసి ఊకున్నవు. నా తప్పుకు నీ నోరు కట్టుబడ్డది. ఇయ్యాల నీ నోటితోనే కావాలె. నువ్వు చెప్పకుంటే లగ్నం పోతది, నేను మాత్రం చెప్పను." అని నిజంగానే కళ్ళు మూసుకుని మంత్రం అందుకున్నారు.

పెళ్ళికొడుకు వైపు పెద్దలు గుసగుసలు మొదలుపెట్టారు. ఆడమనిషి టైం చెప్పేదేంది అని ఒకరన్నారు. పూల వ్యాపారి లేచి నిలబడి వాళ్ళ వైపు ఒక్కసారి చూశాడు.  మేళంవాళ్ళు కర్రలు పైకెత్తి ఆగారు. ఆమె తల వంచుకుని అరచేతిలోని గడియారాన్ని చూస్తోంది.  పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. అయ్యగారి గొంతు మాత్రం ఒక్క పిసరు కూడా తడబడకుండా సాగుతోంది. రాదేమో అనుకున్నాను. నా జేబులో ఫోన్ ఉంది. తీసి చూద్దామని చెయ్యి పోయింది, ఆపుకున్నాను.

"పెట్టుండ్రి!" అంది ఆమె.

హాలు చివర దాకా వినబడింది. తెర దిగింది. మేళం ఒక్కసారిగా అందుకుంది. అక్షింతలు మీద పడుతుంటే అయ్యగారు కళ్ళు తెరవకుండానే, చెంపల మీద నీళ్ళు కారుతుండగా కూర్చున్నారు. పెట్టడం అయిపోయింది, పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. ఆమె మాత్రం గడియారం గుండెకు పట్టుకుని, మేళం హోరులో ఇంకా అరుస్తూనే ఉంది, "పెట్టుండ్రి! పెట్టుండ్రి!" అని.